గేర్ దించడం మర్చిపోకుండా ఉండాలంటే ఏం చేయాలి

చక్రాలు ముడుచుకునే చిన్న విమానాలు నడిపేవాళ్ల మధ్య ఒక పాత మాట తిరుగుతూ ఉంటుంది. పైలట్లు రెండే రకాలట, గేర్ (అంటే విమానం చక్రాలు) దించకుండా దిగినవాళ్లు, ఇకముందు అలా దిగబోయేవాళ్లు. నాకు ఆ మాట అస్సలు నచ్చదు. ఏదో నుదుటన రాసిపెట్టినట్టు, మన చేతిలో ఏమీ లేనట్టు ఉంటుంది వినడానికి. దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో బ్యాచ్ ఉంటారు, "అంత పెద్ద విషయం ఎవరైనా మర్చిపోతారా, నేనైతే ఛస్తే మర్చిపోను" అనేవాళ్లు. వీళ్లతో ఇంకా కష్టం, ఎందుకంటే వీళ్లు మొత్తం భారాన్ని జ్ఞాపకశక్తి మీద పెట్టేశారు, విమానం దించే ఆ నాలుగైదు నిమిషాల్లో మనిషికి మొదట చేయిచ్చేది అదే.

కాబట్టి ఇక్కడ రాసేదంతా ఎలా గుర్తుపెట్టుకోవాలి అనే దాని గురించి కాదు. గుర్తులేకపోయినా గేర్ కిందికి దిగి ఉండేలా మీ పద్ధతిని ఎలా కట్టుకోవాలి అనే దాని గురించి.

ముందు ఇది ఎవరికి ఎక్కువ అవసరమో చెప్తాను. బేగంపేటలోనో నాదర్‌గుల్‌లోనో సెస్నా 152 మీదో 172 మీదో నేర్చుకున్నవాళ్లకు గేర్ లీవర్ అనే వస్తువే తెలియదు, చక్రాలు ఎప్పుడూ కిందే ఉంటాయి. కమర్షియల్ లైసెన్సుకు కావలసిన 200 గంటల్లో ఎక్కువ భాగం మామూలుగా అలాంటి విమానం మీదే గడిచిపోతుంది. ఆ తర్వాత మల్టీ ఇంజిన్ కోసం పైపర్ సెనెకా, డైమండ్ డీఏ42, టెక్నమ్ పీ2006టీ లాంటివాటిలో కూర్చుంటారు. అంటే రెండు ఇంజిన్ల టెన్షన్, కొత్త వేగాలు, కొత్త కాక్‌పిట్, వీటన్నిటితో పాటు గేర్ కూడా ఒకేసారి నెత్తిన పడుతుంది. పైగా చెయ్యి వందకు పైగా గంటలు ఆ లీవర్ లేకుండానే దిగడం నేర్చుకుని ఉంది. సొంతంగా ఒక పైపర్ ఆరోనో, బొనాంజానో కొనుక్కుని నెలకోసారి వీకెండ్‌లో ఎగిరేవాళ్లకు సమస్య వేరు. వాళ్లకు విషయం తెలుసు, కానీ చేతికి అలవాటు తుప్పు పట్టి ఉంటుంది.

మర్చిపోవడం ఎలా జరుగుతుందో ఒకసారి చూడండి

మీరు బేగంపేట రన్‌వే 27కి డౌన్‌విండ్‌లో ఉన్నారు, అంటే దిగే ముందు రన్‌వే పక్కగా, దిగే దిశకు ఎదురు దిశలో వెళ్తున్నారు. పవర్ తగ్గించారు, వేగం తగ్గుతోంది, చెయ్యి గేర్ లీవర్ వైపు వెళ్తోంది. సరిగ్గా అప్పుడే టవర్ పిలుస్తుంది, వీఐపీ విమానం వస్తోంది, ఒక ఆర్బిట్ (గాల్లోనే ఒక గుండ్రటి చుట్టు) చేయమని. చెయ్యి లీవర్ దగ్గర నుంచి వెనక్కి వచ్చేసింది. జవాబు చెప్పారు, తిరగడం మొదలుపెట్టారు, ఎత్తు చూసుకుంటున్నారు, ఆ వచ్చే విమానం ఎక్కడుందో వెతుకుతున్నారు, పక్కన కూర్చున్న బావగారు "హుస్సేన్ సాగర్ అదేనా?" అని అడుగుతున్నారు. ఆర్బిట్ అయిపోయింది, బేస్‌కి, అంటే రన్‌వే వైపు మలుపుకి, తిరగమన్నారు. ఇప్పుడు మీ తలలో ఉన్న లెక్క ప్రకారం డౌన్‌విండ్ పనులు ఎప్పుడో అయిపోయాయి. చెయ్యి లీవర్ దాకా వెళ్లిన సంగతి గుర్తుంది, దాన్ని కిందికి తోయని సంగతి గుర్తులేదు. ఇక్కడి నుంచి రన్‌వే దాకా మీకు అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

మర్చిపోయినవాళ్లలో చాలామంది నిర్లక్ష్యపు మనుషులు కారు. చేస్తున్న పని మధ్యలో తెగింది, అంతే. ఆ తెగిన చోటే మనం ముడి వేయాలి.

మొదటి పని: గేర్‌ని ఒక చోటికి కట్టేయండి

"దిగే ముందు ఎప్పుడో ఒకప్పుడు" అనుకుంటే కుదరదు. సర్క్యూట్‌లో (దిగడానికి రన్‌వే చుట్టూ వేసే చుట్టులో) అయితే డౌన్‌విండ్‌లో మీరు దిగబోయే రన్‌వే అంచు సరిగ్గా మీ పక్కకు వచ్చిన క్షణం, అదీ గేర్ చోటు. శంషాబాద్‌లో ఐఎల్‌ఎస్ (రన్‌వేకి దారి చూపే రేడియో ఏర్పాటు) మీద వస్తుంటే, ఎంత ఏటవాలుగా దిగాలో చూపే గ్లైడ్‌స్లోప్ సూది మధ్యకు దిగివస్తున్నప్పుడు, విమానం ఇంకా లెవెల్‌గా ఉండగానే. నేరుగా ఫైనల్‌కి (రన్‌వేకి సూటిగా ఉండే చివరి దారికి) వస్తే మీరే ఒక దూరం పెట్టుకోండి, మూడు నాలుగు మైళ్లు, ఏదైనా సరే, కానీ ప్రతిసారీ అదే.

దీనికి ఒక చిన్న షరతు కలపండి, నా దృష్టిలో ఈ మొత్తంలో అన్నిటికంటే బలమైన తాడు ఇదే: గేర్ దిగనిదే విమానం దిగదు. అంటే ఆ చివరి దిగుడు మొదలుపెట్టేది గేర్‌తోనే. గేర్ కిందికి వస్తే గాలికి అడ్డు పెరుగుతుంది, ముక్కు కాస్త వంగుతుంది, వేగం తగ్గుతుంది, ఆ తగ్గుదలనే వాడుకుని కిందికి రండి. ఇలా అలవాటైతే గేర్ దించని రోజు విమానాన్ని కిందికి తీసుకురావడమే ఇబ్బందిగా అనిపిస్తుంది, ఏదో తేడా కొడుతోందని ఒంటికే తెలుస్తుంది. పవర్ పూర్తిగా లాగేసి దిగుడు మొదలుపెట్టి, తర్వాత తీరిగ్గా గేర్ దించే అలవాటు ఉన్నవాళ్లకు ఈ సహాయం ఉండదు.

దీనికి వేగం కూడా అనుకూలించాలి. ప్రతి విమానానికీ గేర్ కదిలించదగ్గ గరిష్ఠ వేగం ఒకటి ఉంటుంది, గేర్ దించి ఎగరదగ్గ గరిష్ఠ వేగం ఇంకొకటి. పైపర్ ఆరో 3లో దించడానికి 129 నాట్లు, ముడవడానికి మాత్రం 107. సెస్నా 172 ఆర్‌జీలో కదిలించడానికి 140. మీ విమానం హ్యాండ్‌బుక్‌లో ఏముందో చూసి ఆ అంకెలను నోటికి వచ్చేలా చేసుకోండి, ఎందుకంటే వేగంగా దూసుకొచ్చేసి "కాస్త తగ్గాక దించుదాంలే" అని వాయిదా వేసిన గేరే మర్చిపోయే గేర్. సర్క్యూట్‌లోకి వచ్చేసరికే ఆ వేగం కిందికి వచ్చి ఉండండి.

రెండో పని: లీవర్ తోసి చెయ్యి తీసేయకండి

చాలామంది చేసేది ఇది: లీవర్ కిందికి తోస్తారు, "గేర్ డౌన్" అంటారు, చెయ్యి థ్రాటిల్ (ఇంజిన్ పవర్ లీవర్) మీదకు వెళ్లిపోతుంది. గేర్ పూర్తిగా దిగి లాక్ అవడానికి చిన్న విమానాల్లో సాధారణంగా కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొన్ని సెకన్లలోనే రేడియో మోగుతుంది, ఇంకెవరూ లైట్ల వైపు చూడరు.

చెయ్యి లీవర్ మీదే ఉంచండి. గేర్ లీవర్ చివర చిన్న చక్రం ఆకారం ఉంటుంది, వేళ్లకు గుండ్రంగా తగులుతుంది, ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) లీవర్ రెక్కలాగా బల్లపరుపుగా ఉంటుంది. ఆ గుండ్రం వేళ్లకు తెలుస్తుండగా వినండి. హైడ్రాలిక్ పంపు మూలుగు మొదలవుతుంది, కింద గాలి శబ్దం మారుతుంది, ఒకటీ రెండూ మూడూ అని దడ్ దడ్ మంటూ చక్రాలు లాక్ అవుతాయి, పంపు ఆగిపోతుంది. మూడు పచ్చ లైట్లు వెలిగాక ఒక్కోదాన్ని వేలితో చూపిస్తూ పైకి అనండి: ఎడమ, ముక్కు, కుడి. అప్పుడు చెయ్యి తీయండి. ఒక్కరే ఉన్నా పైకే అనండి, సిగ్గెందుకు, కాక్‌పిట్‌లో ఎవరు వింటారు. మన రైలు ఇంజిన్లలో లోకో పైలట్, అసిస్టెంట్ ప్రతి సిగ్నల్‌నూ చెయ్యి చాచి చూపిస్తూ ఒకరికొకరు గట్టిగా చెప్పుకుంటారు కదా, అచ్చం అదే పద్ధతి. కన్ను చూసింది, వేలు చూపింది, నోరు అంది, చెవి విన్నది అయితేనే ఆ పని అయినట్టు.

అలవాటు ముదిరితే ఇదీ పాడవుతుంది, అది కూడా చెప్పాలి. శిక్షణలో తరచుగా వినిపించే సంభాషణ ఇలా ఉంటుంది:

"గేర్?"

"డౌన్ సర్, త్రీ గ్రీన్స్."

"ఏవీ?"

"అవి సర్... అంటే..."

"చూడకుండానే మూడన్నావు కదయ్యా. మధ్యది వెలగట్లేదు."

లోపం చూపించడానికి సర్ ముందే ఒక బల్బు పీకి జేబులో వేసుకుని ఉంటారు. ఇది చాలా మంచి పరీక్ష. మీ ఇన్‌స్ట్రక్టర్ చేయకపోతే చేయమని మీరే అడగండి.

మూడో పని: చక్రాలు ముడుచుకోని విమానంలోనే మొదలుపెట్టండి

గంప్స్ (GUMPS) అనే చెక్ చాలామందికి తెలిసే ఉంటుంది: గ్యాస్, అండర్‌క్యారేజ్, మిక్స్చర్, ప్రొపెల్లర్, సీట్ బెల్ట్‌లు. ఇంధనం సరైన ట్యాంకు మీద ఉందా, చక్రాలు కింద ఉన్నాయా, మిక్స్చర్ (గాలిలో ఇంధనం పాలు) రిచ్‌లో ఉందా, ప్రొపెల్లర్ లీవర్ ముందుకు ఉందా, బెల్టులు పెట్టుకున్నారా. సెస్నా 152లో ఉన్నప్పుడే దీన్ని ప్రతి సర్క్యూట్‌లో చెప్పుకోండి. అండర్‌క్యారేజ్ దగ్గరకు వచ్చాక కిటికీలోంచి చక్రం వైపు నిజంగా చూడండి. "డౌన్ అండ్ వెల్డెడ్" (కిందే ఉంది, అతికించేసి ఉంది) అని నవ్వుతూ దాటేయడం ఒక అలవాటు, వినడానికి సరదాగానే ఉంటుంది, కానీ అది చూడకుండా అనడం నేర్పుతోంది. రేపు సెనెకాలో కూడా నోరు అలాగే అంటుంది.

విమానాన్ని బట్టి ఈ చెక్‌ని సరిచేసుకోవాలి. టెక్నమ్ పీ2006టీలో రోటాక్స్ ఇంజిన్లు, మిక్స్చర్ లీవరే ఉండదు. డీజిల్ డీఏ42లో ఇంజిన్‌కి ఒకటే పవర్ లీవర్, మిక్స్చర్, ప్రొపెల్లర్ అని విడిగా ఏమీ ఉండవు. లేని అక్షరాలను ఊరికే చదువుతూ పోతే మొత్తం చెక్ ఒక మంత్రం అయిపోతుంది, మంత్రంలో గేర్ కూడా ఒక మాట మాత్రమే అవుతుంది. మీ విమానంలో ఉన్నవే ఉంచండి.

నాలుగో పని: ఫైనల్‌లో ఇంకో రెండుసార్లు

ఒక్కసారి చూడటం చాలదు. నేల నుంచి 500 అడుగుల దగ్గర ఒకసారి, రన్‌వే అంచు దాటబోయే ముందు ఆఖరిసారి. ఇక్కడ ఒక హైదరాబాదీ మెలిక ఉంది. బేగంపేట సముద్ర మట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తులో ఉంది, శంషాబాద్ 2,020 అడుగుల దగ్గర్లో. క్యూఎన్‌హెచ్ (సముద్ర మట్టం నుంచి ఎత్తు చూపించే సెట్టింగ్) పెట్టుకున్న ఆల్టిమీటర్‌లో 500 అడుగులు అని ఎక్కడా కనిపించదు. బేగంపేటలో అయితే అది దాదాపు 2,250, శంషాబాద్‌లో దాదాపు 2,500. కాబట్టి బయలుదేరే ముందే మోకాలి మీది ప్యాడ్‌లో ఆ అంకె పెద్దగా రాసుకోండి, పక్కన "మూడు పచ్చ" అని రాయండి. దిగుతున్నప్పుడు లెక్కలు వేయడం ఎవరికీ కుదిరే పని కాదు.

ఆ అంకె దగ్గర మూడు లైట్లు కనిపించకపోతే చర్చ లేదు, గో-అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి. "ఇప్పుడు దించేస్తే సరిపోతుందిలే" అని 200 అడుగుల్లో లీవర్ తోయడం కూడా వద్దు. గేర్ సగంలో ఉండగా నేల తగలొచ్చు, వేగం అమాంతం పడిపోవచ్చు, అన్నిటికీ మించి మర్చిపోయిన కంగారులో మిగతావన్నీ వదిలేస్తారు. పైకి వెళ్లి మళ్లీ శుభ్రంగా రండి. ఇంధనం ఖర్చు కొన్ని లీటర్లే.

ఐదో పని: మధ్యలో ఎవరైనా పిలిస్తే మొదటికి రండి

చెక్ మధ్యలో ఆగితే ఆగిన చోటు నుంచి కొనసాగించకండి. మళ్లీ గ్యాస్ దగ్గర నుంచి మొదలుపెట్టండి, రెండుసార్లు చేసినా నష్టం లేదు. ఆర్బిట్ అయిపోయాక, డౌన్‌విండ్ పొడిగించమన్నాక, రన్‌వే మార్చాక, పక్షో గాలిపటమో తప్పించుకున్నాక, ప్రతిసారీ మొత్తం మొదటి నుంచి. సంక్రాంతి ముందు రోజుల్లో ఊరి మీద ఎగిరినవాళ్లకు తెలుసు, కళ్లు గాలిపటాల మీదే ఉంటాయి, లోపల ప్యానెల్ వైపు చూడబుద్ధి కాదు. వర్షాకాలంలో గద్దలు.

గో-అరౌండ్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలా కథలు అక్కడే మొదలవుతాయి. మొదటి అప్రోచ్‌లో గేర్ దించారు, మూడు లైట్లు చూశారు, అంతా సవ్యంగా చేశారు. ఎవరో రన్‌వే ఖాళీ చేయలేదు, గో-అరౌండ్ అన్నారు. పవర్ పెట్టారు, విమానం ఎక్కుతోందని చూసుకున్నారు, గేర్ ముడిచారు. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో బేగంపేట రన్‌వే మీది గాలి దాదాపు 5,000 అడుగుల ఎత్తులో ఉండే గాలంత పల్చగా ఉంటుంది, గేర్ వేలాడుతుంటే చిన్న ఇంజిన్ ఎక్కలేదు, కాబట్టి ముడవాల్సిందే. తర్వాత చిన్న సర్క్యూట్ వేసి రెండోసారి వస్తున్నప్పుడు గేర్ దించినట్టూ మూడు లైట్లు చూసినట్టూ మీకు చక్కగా గుర్తుంటుంది. నిజమే, చూశారు, ఎనిమిది నిమిషాల క్రితం. అందుకే గో-అరౌండ్ తర్వాత డౌన్‌విండ్‌లోకి రాగానే "గేర్ పైన ఉంది" అని పైకి అనండి. ఇప్పుడు ఏ స్థితిలో ఉందో నోటితో అంటే పాత జ్ఞాపకం తప్పుకుంటుంది.

పక్కన కూర్చున్నవాళ్లకు ఎక్కేముందే చెప్పేయండి, సర్క్యూట్‌లోకి వచ్చాక ఎదురుగా విమానం కనిపిస్తే తప్ప మాట్లాడొద్దని. మావయ్య గారైనా సరే. ఇంకా మంచిది, వాళ్లకే పని అప్పజెప్పండి: "మావయ్యా, దిగే ముందు ఇక్కడ మూడు పచ్చ లైట్లు వెలగాలి, వెలగకపోతే గట్టిగా అరవండి." విమానం గురించి ఏమీ తెలియని మనిషి కూడా మూడు లైట్లు లెక్కపెట్టగలడు, పైగా తెగ సంతోషిస్తాడు.

హారన్ ఉంది కదా అనుకోకండి

థ్రాటిల్ బాగా వెనక్కి లాగితే, లేదా ఫ్లాప్స్ ఒక స్థాయి దాటి దించితే, గేర్ పైనే ఉంటే హారన్ మోగుతుంది. ఆరోలో అది సుమారు 14 అంగుళాల మేనిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్ పవర్ ఎంతుందో చూపే కొలత) కిందికి వచ్చాక. ఇక్కడే రెండు మూడు బొక్కలున్నాయి. ఒకటి, గేర్ లేకపోయినా మీరు ఫ్లాప్స్ ఆ స్థాయి దాటకుండా, కాస్త పవర్ పెట్టుకునే వస్తుంటే హారన్ మోగదు, ఆఖరున ఫ్లేర్‌లో (నేల తాకే ముందు ముక్కు ఎత్తేటప్పుడు) థ్రాటిల్ మూసినప్పుడు మోగుతుంది, అప్పటికి నేల రెండు మీటర్ల కింద ఉంటుంది, ఆ శబ్దాన్ని స్టాల్ వార్నింగ్ (వేగం మరీ తగ్గిందని చెప్పే హెచ్చరిక) అనుకుంటారు. ల్యాండింగ్‌లో అదీ మోగేదే కదా. రెండు, ఇప్పటి నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌సెట్లు బయటి శబ్దాన్ని బాగా నొక్కేస్తాయి. హారన్ ఆడియో ప్యానెల్‌కి కలపకుండా ఎక్కడో డ్యాష్‌బోర్డ్ వెనక మోగుతుంటే చెవికి చేరకపోవచ్చు. ఈసారి 3,000 అడుగుల పైన ఖాళీ ఆకాశంలో, గేర్ పైన ఉంచి, మీ హెడ్‌సెట్ పెట్టుకునే థ్రాటిల్ లాగి వినండి. వినిపించకపోతే మీ ఇంజినీర్‌ని అడిగి హెడ్‌సెట్‌లోకి వచ్చేలా చేయించుకోండి.

పాత ఆరోల్లో వేగం, పవర్ తగ్గితే దానంతట అదే గేర్ దించేసే ఏర్పాటు ఉండేది, చాలా విమానాల్లో దాన్ని పనిచేయకుండా చేసేశారు. మీరు అద్దెకు తీసుకున్నదాంట్లో అది ఉందని ఎవరో చెప్తే వినండి కానీ లెక్కలోకి తీసుకోకండి.

హారన్ కంటే నమ్మదగింది విమానం నడక. రోజూ పెట్టే పవర్ పెట్టారు, రోజూ ఉండే ఫ్లాప్స్ ఉన్నాయి, అయినా వేగం పది నాట్లు ఎక్కువ, విమానం జారిపోతూనే ఉంది, కిందికి రానంటోంది. ఎదురుగాలి తగ్గిందేమో అనుకోకముందే లైట్ల వైపు చూడండి.

దిగాక కూడా చెయ్యి ఒళ్లో పెట్టుకోండి

రన్‌వే మీద పరిగెడుతూనే ఫ్లాప్స్ ముడిచేయాలని కొందరికి తొందర. చెయ్యి వెళ్లి గేర్ లాగేస్తుంది, ఇది కూడా పాత రోగమే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా బీ-17 బాంబర్లు క్షేమంగా దిగాక రన్‌వే మీదే కూలబడేవి. అల్ఫోన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లోకి వెళ్లి చూస్తే ఫ్లాప్స్‌కీ గేర్‌కీ ఒకేలాంటి స్విచ్‌లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానికి చక్రం ఆకారం, ఇంకోదానికి రెక్క ఆకారం పెట్టమన్నాడు. ఇందాక మీ వేళ్లకు తగిలిన గుండ్రం అక్కడి నుంచి వచ్చిందే. పాత బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా, బ్యారన్‌లలో గేర్, ఫ్లాప్ స్విచ్‌లు మిగతా విమానాలకు తారుమారుగా ఉంటాయి, సెస్నా నుంచి వాటిలోకి వెళ్లేవాళ్లు మరీ జాగ్రత్త.

నేల మీద గేర్ ముడుచుకోకుండా స్క్వాట్ స్విచ్ ఆపుతుంది అంటారు. చక్రాల మీద పూర్తి బరువు పడ్డాకే అది పనిచేస్తుంది, ఇంకా వేగంగా పరిగెడుతూ రెక్కలు సగం బరువు మోస్తున్నప్పుడు నమ్మలేం. రన్‌వే వదిలి, ఆగి, అప్పుడు ఏ లీవరో పేరు పెట్టి అని ముట్టుకోండి.

లైటు వెలగకపోతే

మొదట పైకి వెళ్లండి, సర్క్యూట్ బయటకు రండి, టవర్‌కి చెప్పండి. ఇంధనం ఎంతుందో చూసుకోండి. తొందర ఏమీ లేదు.

తర్వాత చిల్లర కారణాలు. పైపర్ విమానాల్లో ప్యానెల్ లైట్లు వేసి ఉంటే గేర్ లైట్లు మసకబారిపోతాయి, మన మధ్యాహ్నపు ఎండలో అవి ఆరిపోయినట్టే కనిపిస్తాయి. ఉదయం చీకట్లో బయలుదేరి ఆ స్విచ్ ఆపడం మర్చిపోయినవాళ్లు "గేర్ దిగలేదు" అని హడావుడి పడుతుంటారు. స్విచ్ ఆపి చూడండి. ఒక్కటే వెలగకపోతే పక్క బల్బు పీకి అందులో పెట్టి చూడండి, చాలా చిన్న విమానాల్లో ఇలా మార్చుకోవచ్చు. మాస్టర్ స్విచ్, ఆల్టర్నేటర్, గేర్ సర్క్యూట్ బ్రేకర్లు చూడండి.

అదీ కాకపోతే హ్యాండ్‌బుక్ తీసి ఎమర్జెన్సీ పేజీ చదువుతూ చేయండి, జ్ఞాపకం మీద వద్దు. విమానానికో పద్ధతి ఉంటుంది. ఆరో, సెనెకాల్లో గేర్‌ని పైన పట్టి ఉంచేది హైడ్రాలిక్ ఒత్తిడే, ఆ ఒత్తిడి వదిలేస్తే బరువుకు అదే కిందికి పడుతుంది. వేగం తగ్గించాలి, లాక్ కాకపోతే రడ్డర్‌తో ముక్కును అటూ ఇటూ ఊపాలి. 172 ఆర్‌జీలో ముందు సీట్ల మధ్య చేతిపంపు ఉంటుంది. బొనాంజాలో ముందు సీట్ల వెనక హ్యాండిల్ ఉంటుంది, దాదాపు 50 చుట్లు తిప్పాలి, ఒక చేత్తో విమానం నడుపుతూ ఇంకో చేత్తో వెనక్కి తిరిగి తిప్పడం ఎంత కష్టమో ముందే ఒకసారి ఇన్‌స్ట్రక్టర్‌తో చేసి చూడండి. అలా దించిన గేర్‌ని "మళ్లీ ఒకసారి పైకి కిందికి ఆడిద్దాం" అని కదిలించకండి.

సెనెకాకు ఇంజిన్ మీద చిన్న అద్దం ఉంటుంది, అందులో ముందు చక్రం కనిపిస్తుంది. టవర్ ముందు నుంచి తక్కువ ఎత్తులో వెళ్లి చూడమని అడగొచ్చు, కానీ వాళ్లు దిగినట్టు కనిపిస్తోంది అని మాత్రమే చెప్పగలరు, లాక్ అయిందో లేదో కింద నుంచి ఎవరూ చెప్పలేరు.

నిజంగానే దిగకపోతే

రేడియోలో మేడే (ప్రమాదంలో ఉన్నామనే పిలుపు) చెప్పండి, ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కి మీ కోడ్ పంపేది) ఎమర్జెన్సీ కోడ్ 7700 పెట్టండి. నాదర్‌గుల్ లాంటి చిన్న రన్‌వే దగ్గరున్నా సరే, ఫైర్ ఇంజిన్లు ఉన్న పెద్ద రన్‌వేకే వెళ్లండి. గడ్డి మెత్తగా ఉంటుందని అటు వెళ్లకండి, సిమెంటు మీదో తారు మీదో విమానం నున్నగా జారుతుంది, మట్టిలో ముక్కు దిగబడొచ్చు. బెల్టులు బిగించి, తలుపు గొళ్లెం హ్యాండ్‌బుక్ చెప్పినట్టు తీసి ఉంచి, మామూలు వేగంతో మామూలు ల్యాండింగ్ చేయండి. ప్రొపెల్లర్ కాపాడదామని గాల్లోనే ఇంజిన్ ఆపి, స్టార్టర్‌తో బ్లేడు అడ్డంగా తిప్పే సాహసాలు వద్దు, ఇంజిన్ పోయినా ఇన్సూరెన్స్ చూసుకుంటుంది, రన్‌వే అందకపోతే ఎవరూ చూసుకోలేరు. నేల తగలడం ఖాయం అన్నాకే ఇంధనం, మాస్టర్ ఆపండి.

మర్చిపోయి దిగుతుంటే, కింద నుంచి గరగరా శబ్దం వస్తే? పవర్ పెట్టి పైకి లేపాలని చెయ్యి లాగుతుంది. లేపకండి. ప్రొపెల్లర్ నేలను కొట్టాక ఆ ఇంజిన్ ఎంతసేపు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. 2020 మే 22న కరాచీలో పాకిస్తాన్ విమాన సంస్థ పీఐఏ ఎయిర్‌బస్ ఏ320కి జరిగింది ఇదే. ఎక్కువ ఎత్తులో, ఎక్కువ వేగంతో వచ్చారు, ముందు దించిన గేర్‌ని మళ్లీ పైకి ముడిచేశారు, హెచ్చరికలు మోగుతూనే ఉన్నాయి. ఇంజిన్లు రన్‌వేకి రాసుకున్నాక మళ్లీ గాల్లోకి లేపారు. కొద్ది నిమిషాల్లో రెండు ఇంజిన్లూ ఆగిపోయి ఇళ్ల మీద పడింది, విమానంలోని 99 మందిలో 97 మంది పోయారు. చిన్న విమానంలో పొట్ట మీద జారి ఆగినవాళ్లు ఎక్కువసార్లు తమ కాళ్ల మీదే నడిచి బయటకు వస్తారు. జారనివ్వండి.

ఆగగానే మిక్స్చర్ లాగి, ఇంధనం, మాగ్నెటోలు (ఇంజిన్‌కి నిప్పురవ్వ ఇచ్చేవి), మాస్టర్ ఆపి, అందరినీ దింపి దూరంగా తీసుకెళ్లండి. ఫోటోలు తర్వాత. విమానాన్ని మీ అంతట మీరు కదిలించకండి, రన్‌వే ఖాళీ చేయమని ఎంత ఒత్తిడి వచ్చినా డీజీసీఏకీ (విమానయాన నియంత్రణ సంస్థ) ఏఏఐబీకీ (విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ) సమాచారం వెళ్లి అనుమతి వచ్చాకే క్రేన్ రావాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి అదే రోజు ఫోన్ చేయండి. ఇక వర్క్‌షాప్‌లో ఎవరైనా "ప్రొపెల్లర్ కొంచెమే వంగింది, మార్చేస్తే చాలు, ఇంజిన్ బాగానే ఉంది" అంటే ఒప్పుకోకండి, తిరుగుతున్న ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంటే క్రాంక్‌షాఫ్ట్ దాకా దెబ్బ వెళ్తుంది, ఇంజిన్ విప్పి తయారీదారు చెప్పిన తనిఖీలన్నీ అయ్యి, లాగ్‌బుక్‌లో ఎక్కాకే ఆ విమానం మళ్లీ ఎగరాలి.